సింహాచలం గారి కొట్టు, భవానీపూర్

కలకత్తాలో తెలుగు పుస్తకాలమ్మే కొట్టు ఒకటుందని చిన్నప్పుడు మా నాన్న చెబుతుండేవాడు. నాన్నకు శ్రీకాకుళంలో పుస్తకాల కొట్టు. ఇప్పుడది నా చేతికొచ్చింది. అప్పట్లో ఉగాదికి ముందు కలకత్తా నుంచి ఆర్డరు వచ్చేది. పంచాంగాలు, పిల్లల వాచకాలు, వ్రతకథలు కట్టలు కట్టి రైలుకి వేసేవాళ్ళం. రానురాను ఆర్డర్లు తగ్గాయి, ఆ తరవాత ఆగిపోయాయి. కొట్టు మూతపడి ఉంటుందనుకుని మేమూ మరిచిపోయాం.

పోయిన చలికాలం ఫోనొచ్చింది.

"నేనమ్మా, కలకత్తా జగన్నాథాన్ని. భవానీపూర్ పుస్తకాల కొట్టు. మీ నాన్న నన్ను ఎరుగును."

నాన్న పోయి చాలా ఏళ్ళయిందని చెప్పాను. 

"అలాగేటి. అయితే నీతోనే సెప్తాను. కొట్టు తీసీస్తన్నానమ్మా. తెలుగు పుస్తకాలు బోల్డున్నాయి. పాత కాగితాలోడికి ఇవ్వడానికి చెయ్యి రావట్లేదు. నువ్వొచ్చి పట్టుకెళ్ళిపో. బేగి రా."

ఆ తొందరెందుకో నాకప్పుడు అర్థం కాలేదు. మా వదిన సత్యవతికి మాత్రం అర్థం చేసుకోవలసిన అవసరమే కనపడలేదు. "కలకత్తాయా? నేనూ వస్తాను. కాళీమాతని చూసినట్టుంటుంది, నేత చీరలు కొన్నట్టుంటుంది" అని సాయంత్రానికల్లా బ్యాగు సర్దేసింది.

హౌరా

రైల్లో మాకెదురుగా సోంపేట వైపు ఆవిడ కూర్చుంది. ఆవిడ భర్త ఖిదిర్‌పూర్ రేవులో పని చేస్తాడట. మేం మొదటిసారి వెళుతున్నామని తెలిసి ఒకే ఒక్క సలహా ఇచ్చింది. "ఎవులినైనా దాదా అనీయండి. దారి సెప్తారు, సీటిస్తారు, బేరం తగ్గుతారు."

వదిన ఆ సలహాను పూర్తిగా ఒంటబట్టించుకుంది. హౌరాలో దిగగానే కూలీని దాదా అంది, టికెట్ కలెక్టరును దాదా అంది, ఆఖరికి మరుగుదొడ్ల దగ్గర కూర్చున్న ముసలావిడను కూడా దాదా అంది. ఆవిడ పళ్ళు లేని నోటితో నవ్వి, "దీదీ బోలో" అని దిద్దింది. దాదా అంటే అన్న, దీదీ అంటే అక్క అని వదినకు అప్పుడు తెలిసింది.

స్టేషను బయట మట్టి ముంతల్లో టీ తాగాం. ముంత చాలా చిన్నది, రెండు గుటకలకు అయిపోతుంది. తాగినవాళ్ళు తాగినట్టు నేలకేసి కొట్టేస్తున్నారు. వదిన మాత్రం తన ముంత కడిగి బ్యాగులో పెట్టుకుంది. తులసికోట దగ్గర దీపం పెట్టడానికి పనికొస్తుందట.

అవతలి ఒడ్డుకు వంతెన మీదుగా కాకుండా లాంచీలో వెళదామన్నది నా కోరిక. లాంచీ ఎక్కేటప్పుడు జనం తోపులాటలో వదిన ఎడమ కాలి చెప్పు జారి, రేవుకీ లాంచీకీ మధ్య గంగలో పడింది. హుగ్లీ అని పుస్తకాల్లో రాస్తారు గానీ అక్కడందరూ గంగ అనే అంటారు. వదిన అలా చూస్తుండగానే చెప్పు తేలుకుంటూ దిగువకు పోయింది. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తలెత్తి, హిందీలో చాలా గంభీరంగా, "గంగమ్మ ఒకటే తీసుకుంది. రెండోది కూడా ఇచ్చేయండి, జత కలుస్తుంది" అన్నాడు. వదిన నిజంగానే రెండోదీ విసిరేసింది. అటు దిగాక ఘాట్ పక్కన రబ్బరు చెప్పులు కొన్నాం. మన దగ్గరకంటే చవక. వదినకు అదొక సంతోషం.

భవానీపూర్

సన్నటి వీధి. పాతకాలం మేడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, ఒక హోమియోపతి మందుల కొట్టు, దానికవతల చీరలకు ఫాల్స్ కుట్టే ఆయన. ఆ రెంటి నడుమ ఒకే ఒక్క గది. బోర్డు మీద పైన బెంగాలీ, కింద ఇంగ్లీషు, నడుమ తెలుగు. తెలుగు వరసలో రంగు చాలావరకు పోయి 'సింహాచలం' అన్న పేరు మాత్రం కనిపిస్తోంది.

జగన్నాథం గారు మంకీ టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని, గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే లేచి టోపీ తీశారు.

"వొచ్చీసేరా అమ్మా. రండి రండి. మీ నాన్న పోలికే."

లోపల నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. కొన్నిటి మీద మా నాన్న చేతి కట్టు ఇంకా అలాగే ఉంది, మా కొట్టు నూలుతాడుతో.  నేను కట్టలు విప్పి చూస్తుంటే వెనక నుంచి ఎవరో వంగి నా పాదాలు తాకారు. ఉలిక్కిపడి చూస్తే జీన్సు ప్యాంటు, మెళ్ళో ఆఫీసు కార్డు ఉన్న అమ్మాయి.

"నమస్కారం మాసీ. నేను మధుమిత. తాతకి మనవరాలిని" అంది. మాసీ అంటే వాళ్ళ లెక్కలో పిన్ని. సాల్ట్ లేక్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో తెరల మీద బొమ్మలు, అక్షరాలు అమర్చే పని చేస్తుందట. పెద్దల పాదాలు ఇంత మామూలుగా తాకడం మా పిల్లలకు పెళ్ళిళ్ళలో తప్ప తెలియదు. నేను దీవించేలోపే ఆ అమ్మాయి తాతవైపు తిరిగింది.

"ఈవిడ పుస్తకాలన్నీ తీస్కెళ్ళిపోతే నేను కొట్టులో ఏటి పెట్టాలి, తాతా?"

"కొట్టే ఉండదు. గది ఓనరుకిచ్చీస్తన్నాను. సెప్పేను కదా."

"నాకిచ్చీ అన్నాను కదా."

"తెలుగు చదవడం రాని పిల్లకి తెలుగు కొట్టెందుకమ్మా?"

ఆ మాటకు మధుమిత ముఖం చిన్నబోయింది. మెళ్ళో కార్డు సర్దుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. నన్నంత తొందరగా ఎందుకు రమ్మన్నారో అప్పుడు తెలిసింది. పుస్తకాలు ఖాళీ అయిపోతే మనవరాలి ఆశ కూడా ఖాళీ అయిపోతుందని ఆయన ఆలోచన.

జర్మన్ దొర

ఆ మధ్యాహ్నం మేడమీద వాళ్ళింట్లోనే భోజనం. ఆయన కోడలు చేపల పులుసు పెట్టింది. చింతపండు పులుసే గానీ అందులో ఆవ ముద్ద, ఆవనూనె. మొదటి ముద్దకు వదిన కళ్ళలో నీళ్ళొచ్చాయి, మూడో ముద్దకు మారు అడిగింది. ఈ ఊళ్ళో మగవాళ్ళే పొద్దున్నే సంచీ పట్టుకుని చేపల బజారుకు వెళ్ళి, మొప్పలెత్తి చూసి, బేరమాడి తెస్తారట. మా అన్నయ్యకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలని వదిన అక్కడే నిర్ణయించుకుంది.

తిన్నాక జగన్నాథం గారు తండ్రి సింహాచలం గారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. గొంతు మెల్లగా ఉన్నా కథ ఎక్కడా ఆగలేదు.

సింహాచలం గారు పలాస దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి రేవులో మూటలు మోసేవారు. ఒకసారి పుస్తకాల పెట్టెలు దింపుతుంటే వాన వచ్చింది. మిగతావాళ్ళు షెడ్డు కిందకు పరిగెత్తారు. ఈయన తన గొంగడి తీసి పెట్టెల మీద కప్పి వానలో నిలబడ్డారట. ఆ పెట్టెలు ఒక జర్మన్ దొరవి. ఊరి నడిబొడ్డున పెద్ద పుస్తకాల కొట్టు, సొంతంగా పుస్తకాలు కూడా వేయించేవాడు. మర్నాడే కబురు పంపి పుస్తకాలు కట్టలు కట్టే పనిలో పెట్టుకున్నాడు.

"దొరకి ఎర్ర గడ్డం. భార్య, ఇద్దరాడపిల్లలు, కొట్టు మీదే కాపురం. నాన్న కట్టలు లెక్కెడుతుంటే చిన్న పిల్ల పక్కన కూకుని తనూ ఒకటి, రెండు, మూడు అనీదట. అచ్చంగా మన తెలుగే. జర్మన్ పిల్ల."

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్లు ఈ దేశానికి శత్రువులైపోయారు. కొట్టుకి సీలు పడింది. దొరని ఎక్కడో క్యాంపులో పెట్టారు. భార్యనీ పిల్లలనీ ఓడ ఎక్కించారు.

"నాన్న రేవుకెళ్ళేడు. దగ్గరికి పోనివ్వలేదట. దూరం నుంచి సెయ్యూపితే ఆ చిన్నది రెయిలింగు పట్టుకుని అరిచిందట, ఒకటి, రెండు, మూడు అని. అదే ఆఖరు. ఆ తరవాత వాళ్ళేమయ్యేరో, దొర బతికేడో లేదో ఎవులికీ తెలీదు. పోయే ముందు రోజు కూడా నాన్న అడిగేడు నన్ను, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యుంటాయి కదరా అని. అప్పటికి వాళ్ళకి మనవలు పుట్టే వయసు."

వదిన ముక్కు తుడుచుకుంది. ఆవనూనె వల్ల కాదు.

దొర దగ్గర సింహాచలం గారు నేర్చుకున్నది కట్టలు కట్టడం ఒకటే కాదు. ఓడల్లో వచ్చే యూరపు నావికుల కోసం దొర ఒక చిన్న పుస్తకం వేయించాడు. మాటలన్నీ హిందుస్థానీవి, అక్షరాలు వాళ్ళవి. చదువుకుంటూ బజారులో మాట్లాడేయొచ్చు. అది వేడి పకోడీల్లా అమ్ముడుపోయేదట. కొన్నేళ్ళకు సింహాచలం గారు తోపుడుబండి మీద సొంతంగా పుస్తకాలమ్మడం మొదలుపెట్టినప్పుడు, తాను వేయించిన మొదటి పుస్తకం కూడా అలాంటిదే. కలకత్తాలో తెలుగు అచ్చు దొరక్క బరంపురం వెళ్ళి వేయించారు. మన వైపు నుంచి కొత్తగా దిగిన కూలీల కోసం బెంగాలీ మాటలు, తెలుగు అక్షరాల్లో.

జగన్నాథం గారు అలమరలోంచి తీసి నా చేతిలో పెట్టారు. అరచేతిలో పట్టే పుస్తకం. 'నాకు జ్వరం వచ్చింది: ఆమార్ జ్వర్ హొయేఛే. డాక్టరు ఎక్కడ: డాక్టార్ కొథాయ్.' చదువుతుంటే, భాష రాని ఊళ్ళో, జ్వరంతో, జేబులో ఈ పుస్తకంతో నిలబడ్డ మనిషి కనిపించాడు నాకు.

ఒక తగువు

సాయంత్రం మధుమిత ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా కోసం వేడి కచోరీలు, బంగాళాదుంప కూర తెచ్చింది. తింటూ తను చెయ్యాలనుకున్నది చెప్పింది. సింహాచలం గారి రెండో పుస్తకం పిల్లల కథలు. ఆయన తన తల్లి దగ్గర విన్నవి. వాటిని మళ్ళీ వేద్దామని మధుమిత కోరిక. తెలుగు మాటలే, కానీ బెంగాలీ అక్షరాల్లో.

"వాళ్ళ నాన్నకీ తెలుగు చదవడం రాదు, దీనికీ కూడబలుక్కునే చదువు. ఇప్పుడు అక్షరాన్నే తీసీస్తానంటాది" అన్నారు జగన్నాథం గారు. "మన అక్షరం లేని మన పుస్తకమేటమ్మా? నువ్వు సెప్పు."

నేను కూడా ఆయన పక్షమే మాట్లాడాను. తెలుగు పుస్తకాలమ్ముకుని బతికేదాన్ని, ఇంకేమంటాను? "అక్షరాలు నేర్పొచ్చు కదమ్మా" అన్నాను.

"నేర్పాను మాసీ. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఆదివారం క్లాసు పెట్టాను. నాకొచ్చినంత నేర్పాను. పిల్లలకి స్కూల్లో బెంగాలీ, ఇంగ్లీషు, హిందీ. నేను నాలుగోది మొదలుపెట్టేసరికి, గుణింతాల దాకా వెళ్ళకుండానే రావడం మానేసినారు. కథలు చెప్తే మాత్రం వస్తారు. తెలుగు వాళ్ళకి వచ్చు, అక్షరాలే రావు." తాతవైపు తిరిగింది. "ముత్తాత బెంగాలీని తెలుగు అక్షరాల్లో వేశాడు. అప్పుడొచ్చినోళ్ళకి అవే వచ్చు కాబట్టి. నేను తెలుగుని బెంగాలీ అక్షరాల్లో వేస్తానన్నాను. తేడా ఏటి, తాతా?"

ఆయన శాలువా సర్దుకుని లేచి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. ఎక్కడో ఒక ఇంటి మేడమీద సంధ్యాదీపం పెట్టి శంఖం ఊదారు. మా కచోరీలు చల్లారిపోయాయి.

సంత్రాగాఛి

ఆదివారం క్లాసు చూస్తానని మధుమితతో బయల్దేరాను. వదిన ఎలాగూ వస్తుంది. మెట్ల కింద జగన్నాథం గారు టోపీ పెట్టుకుని తయారై ఉండడం మాత్రం నేననుకోలేదు. "ఆడోళ్ళొక్కరే అంత దూరం ఎలా యెల్తారు" అన్నారు. మధుమిత రోజూ ఒక్కత్తే అంతకంటే దూరం వెళ్ళొస్తుంది. ఆ మాట ఎవరమూ అనలేదు.

హౌరా నుంచి లోకల్ రైలు. పెట్టెలో ఒకాయన ఆవనూనె, పచ్చిమిరప, కొబ్బరి ముక్కలు వేసి మరమరాలు కలిపి అమ్ముతున్నాడు. మా ఊరి పిడత కింద పప్పుకి దగ్గరగానే ఉంది గానీ, ఆ ఆవనూనె ఘాటు వేరు. కుదుపుకి వదిన పొట్లం సగం జగన్నాథం గారి శాలువా మీద పడింది. ఆయన నవ్వారు. నేను వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

క్వార్టర్స్‌లో ఒక ఇంటి వరండాలో చాప పరిచి ఉంది. పదిమందికి పైగా పిల్లలున్నారు. గోడవారగా తల్లులు, ముసలమ్మలు. జగన్నాథం గారు లోపలికి రాలేదు. మెట్ల దగ్గరే, అటు తిరిగి నిలబడ్డారు.

మధుమిత ముత్తాత కథ ఒకటి ఎక్కించి పిన్నులు కొట్టిన కాగితాలు పంచింది. రింకూ అనే అమ్మాయి లేచి చదవడం మొదలుపెట్టింది. కాగితం మీద ఉన్నవి బెంగాలీ అక్షరాలు. ఆ పిల్ల నోట్లోంచి వస్తున్నది మా సిక్కోలు తెలుగు. కథలో ఒక ముసలమ్మ బావిని అలిగి పోవద్దని బతిమాలుతోంది. గోడవారనున్న రింకూ నాయనమ్మ చేస్తున్న పని వదిలేసి వింది. పక్కావిడతో మెల్లగా, "మా ఇంట్లో చదివి ఇనిపించినోళ్ళు నేరు. ఇదే మొదలు" అంది.

చదువుతూ చదువుతూ రింకూ ఒకచోట "బాన వచ్చింది" అంది. పిల్లలు గొల్లుమన్నారు. వాన అని వాళ్ళందరికీ తెలుసు. బెంగాలీలో వ లేదు, దాని చోట మధుమిత బ రాసింది. రింకూ సిగ్గుపడి, సర్దుకుని, రెండు వాక్యాల తరవాత "నీలు" అంది.

"నీళ్ళు" అన్నారు జగన్నాథం గారు.

అందరం తిరిగి చూశాం. ఆయన అప్పటికే వరండాలోకి వచ్చేశారు.

"నాలిక వెనక్కి మడత పెట్టమ్మా. నీళ్ళు."

"ఈ కాగితంలో అలా లేదు తాతా" అంది రింకూ.

"బెంగాలీలో ఆ అచ్చరం నేదు. మనకున్నాది."

"ఎలా ఉంటాది?"

ఆయన సుద్దముక్క తీసుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి, నున్నటి గచ్చు మీద ళ రాశారు. పెద్దగా, గుండ్రంగా. పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు దాని మీద వేలు పెట్టి తిప్పాడు. ఇంకొకడు "జిలేబీ" అన్నాడు. "మరి వానకి?" అని అడిగింది రింకూ. ఆయన దాని పక్కన వ రాశారు.

అలా అక్షరం నేర్పమని పిల్లలు తమంతట తాము అడగడం తనెప్పుడూ చూడలేదని మధుమిత నాతో తరవాత చెప్పింది. ఆ వేళ మాత్రం సుద్దముక్కలున్న డబ్బా తెచ్చి తాత పక్కన పెట్టింది.

తిరుగు రైల్లో ఆయన హౌరా దగ్గరపడుతుండగా అన్నారు, "వ కి బదులు బ పెడితే ఎలాగమ్మా. మన వ పెట్టీ."

"బెంగాలీ వరసలో తెలుగు అక్షరమా?"

"పెట్టు. వాళ్ళ దగ్గర లేనివన్నీ మనవి పెట్టు. కథకి రెండు మూడు వస్తాయి. ఆ మాత్రం నేర్చుకోలేరేటి పిల్లలు?"

మధుమిత తాత చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

ఒక మాట

మర్నాడు వదిన చీరలు కొనుక్కుంది. కాళీఘాట్ కూడా చూశాం. పుస్తకాల కట్టలు నేను విప్పినవి నేనే మళ్ళీ కట్టి అరల్లో పెట్టేశాను. జగన్నాథం గారు కిందకి దిగి ఓనరుతో మాట్లాడి వచ్చారు. గది ఉంచుకుంటున్నారు. పుస్తకాలు వేశాక మా కొట్టుకూ పంపమని, మా వైపు తెలుగు చదవడం రాని బెంగాలీ కోడళ్ళు ఒకరిద్దరున్నారని చెప్పాను. అది సరదాకి అన్నది కాదు, నిజమే.

బయల్దేరే ముందు కొట్టులోనే టీ తాగాం. మధుమిత సెలవు పెట్టి, కంప్యూటరు తెచ్చుకుని బల్ల మీద పెట్టింది. తాత పాత పుస్తకంలోంచి చదువుతుంటే తను కొడుతోంది. మొదటి కథలో మనవడు ముసలమ్మను అడుగుతాడు, 'ఏమిటి అవ్వా?' అని.

జగన్నాథం గారు అక్కడ ఆగిపోయారు.

"మా నాయనమ్మ ఏమిటి అనీది కాదు. మా నాన్నా అనీవోడు కాదు. బరంపురంలో అచ్చేసిన పంతులు దిద్దీసేడు. పుస్తకంలో అలాగుండకూడదన్నాడట."

"ఏటి చెయ్యమంటావు తాతా?" అంది మధుమిత, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"అదే. ఇప్పుడు నువ్వన్నావే, అదే పెట్టు."

బెంగాలీలో మన ఏ లాంటి దీర్ఘం విడిగా లేదు. అందుకని మధుమిత తెలుగు ఏ కొట్టి, పక్కన బెంగాలీ టి పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగారు. రెండు లిపుల్లో ఉన్న ఆ చిన్న మాటను పైకి చదివారు. ఇంకోసారి చదివారు. తరవాత వేలు కింద వాక్యం మీదికి జరిపి, "ఊఁ, కొట్టు" అన్నారు.